రెండు పిడికిళ్లూ బిగించి

ఫిబ్రవరి 4, మంగళవారం

రిపోర్ట్ రైటింగ్ క్లాసులో ఇవాళ నా పరువు పోయింది. ఉత్తుత్తి దొంగతనం మీద రాసిన రిపోర్టులో అతను కంగారుగా ఉన్నట్టు అనిపించింది అని రాశాను. లెడ్‌బెటర్ సార్ దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించారు. అనిపించడం ఏంటమ్మాయ్, నీకేమనిపించిందో జడ్జికెందుకు, చెమట పట్టిందా, చేతులు వణికాయా, కంటితో చూసింది రాయి, కథలు రాసుకోవాలనుంటే పక్క బిల్డింగులో ఇంగ్లిష్ డిపార్ట్‌మెంటుంది, అటెళ్లు అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా బాగోదు.

ఆయన ఇరవై ఎనిమిదేళ్లు షెరీఫ్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. తిట్టినా పడాలి. ఈ సెమిస్టర్ గట్టెక్కితే కమ్యూనిటీ కాలేజీ అయిపోతుంది. రెండేళ్ల క్రిమినల్ జస్టిస్ కోర్సు నాకు నాలుగేళ్లు పట్టింది, మధ్యలో రెండేళ్లు డెయిరీలో దూడలకి పాలు పట్టాను మరి. ఆగస్టులో స్టేట్ యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్. ఆ తర్వాత షెరీఫ్ ఆఫీసులో పోలీసు ఉద్యోగం. మా బోర్జెస్‌ల ఇంట్లో ఆవుల దగ్గర కాకుండా వేరే చోట పనిచేసే మొదటి మనిషిని నేనే.

ఫిబ్రవరి 11

నమూనా రిపోర్ట్ ఇచ్చారు. ఆయన సర్వీసులో రాసిన అసలు రిపోర్టే, పేర్లు మార్చారంతే. అందులో ఒక వాక్యం కింద గీత గీయించారు. "అతను రెండు పిడికిళ్లూ బిగించి, కుడికాలు వెనక్కి వేసి, నా మీదికి రాబోయే భంగిమలో నిలబడ్డాడు." ఇదీ రాయడమంటే అన్నారు. పిడికిలి కంటికి కనిపిస్తుంది, కాలు కనిపిస్తుంది, అనిపించడాల గొడవే లేదు. బట్టీ పట్టేశాను.

ఫిబ్రవరి 13

బార్‌లో గొడవ మీద ప్రాక్టీసు రిపోర్ట్. పిడికిళ్లు బిగించాడు, కాలు వెనక్కి వేశాడు. ఇరవైకి ఇరవై.

ఫిబ్రవరి 20

అన్నదమ్ముల గొడవ మీద రిపోర్ట్. పిడికిళ్లు, కాలు. ఇరవైకి ఇరవై. ఈమాత్రం దానికా ఇంత భయపడ్డాను!

మార్చి 6

స్టేట్ యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. సీటిచ్చారు! ఈ సెమిస్టర్ పాసవ్వాలి, కాలేజీలో నామీద ఏదైనా చర్య తీసుకుంటే వాళ్లకి చెప్పాలి. అంతే షరతులు.

మా నాయనమ్మ వవోకి చెబితే పోలీసులు కూడా చదువుకుంటారా అని నోరు తెరిచింది. ఆవిడ పుట్టిన దీవిలో ఒకే ఒక్క పోలీసు ఉండేవాడట, వాడికి సంతకం పెట్టడం కూడా రాదట, అయినా ఊరంతా వాడికి భయపడేదట. సంతోషం పట్టలేక స్వీట్ బ్రెడ్ చేసింది. ఈస్టర్‌కి ముందు ఉపవాసాల తపస్సుకాలం కాబట్టి తను ముట్టుకోలేదు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని ఒక్కో ముక్కా లెక్కపెట్టింది.

మార్చి 18, మధ్యాహ్నం 3:10

అక్షరాలు గీత దాటి పోతున్నాయి.

ఇవాళ కేడెట్ డ్యూటీ. కాలేజీ పోలీసుల దగ్గర చదువుకుంటూ చేసే పని ఇది. పేరు గొప్పే గానీ తొంభై పాళ్లు పార్కింగ్ జరిమానా టికెట్లు రాయడమే. వెల్డింగ్ వర్క్‌షాపు వెనక పార్కింగ్ పర్మిట్ లేని పికప్ ట్రక్కు ఒకటి కనబడింది. టికెట్ రాసి అద్దానికి పెడుతుంటే దాని ఓనరొచ్చాడు. నలభై దాటిన మనిషి, వెల్డింగ్ స్టూడెంటు, హెల్మెట్ ఎడమ చంకలో ఉంది. ఆ పర్మిట్ మిషను వారం నుంచి చచ్చి పడుందమ్మా, దానికెవడు రాస్తాడు టికెట్ అని మొదలుపెట్టాడు. రూలు రూలే అన్నాను. అబ్బో షెరీఫ్ గారూ, ఇంకా తుపాకీ ఇవ్వలేదా తమరికి, టికెట్ల పుస్తకంతోనే కాల్చేస్తారా అని అరిచాడు. పెద్ద గొంతు. టికెట్ లాగి నా కాళ్ల దగ్గర పడేశాడు. నాకూ అతనికీ మధ్య రెండడుగులు కూడా లేవు. నేను రేడియోలో ఆఫీసర్‌ని పిలిచాను. అది విని ఇంకో బూతు మాట అని క్లాసుకి వెళ్లిపోయాడు. ఆఫీసర్ వచ్చేసరికి నేనూ పికప్పే మిగిలాం.

భయపడ్డానని రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ భయపడ్డాను. నాకు ఇరవై నాలుగేళ్లు, ఆంబోతులకి కూడా ఎప్పుడూ భయపడలేదు.

మార్చి 19

రిపోర్ట్ నలభై నిమిషాల్లో టైపు చేసేశాను. ఎక్కడా ఆగలేదు. మా కేడెట్లని చూసేది సార్జెంట్ క్విరోజ్. ఆవిడ మెచ్చుకోగా నేనెప్పుడూ వినలేదు. ఇవాళ రెండుసార్లు చదివి, బోర్జెస్, పదేళ్ల సర్వీసున్న నా మగమహారాజులు కూడా ఇంత శుభ్రంగా రాసి చావరు అంది. షెరీఫ్ ఆఫీసుకి సిఫార్సు ఉత్తరం తనే రాస్తానంది. ఇంటికి వచ్చేదాకా కాళ్లు నేలమీద లేవు.

మార్చి 27

ఆ మనిషి పేరు వేలన్ మాబ్రీ. కాలేజీ వాళ్లు అతనిమీద ఏప్రిల్ పదిన విచారణ పెట్టారు. నేను సాక్షిని. రెండేళ్ల కింద బార్‌లో ఎవరినో కొట్టి ప్రొబేషన్ మీద ఉన్నాడట. బుద్ధిగా ఉన్నంతకాలం జైలు బయట ఉండనిస్తారు, లేకపోతే లోపలే. అందుకని నా రిపోర్ట్ కాపీ ఒకటి అతని ప్రొబేషన్ ఆఫీసర్‌కి కూడా వెళ్లింది. ఈసారి తప్పించుకోలేడు, నీ కాగితం అంత గట్టిగా ఉంది అంది క్విరోజ్.

నేను రాసిన కాగితానికి ఇంత బలముందా అనుకున్నాను. గర్వంగానే ఉంది, దాచడమెందుకు.

ఏప్రిల్ 2, మధ్యాహ్నం

అడ్మిషన్ ఆఫీసు లైన్లో నాకు ముందు మాబ్రీ ఉన్నాడు. యూనిఫాం లేదు కాబట్టి నన్ను గుర్తుపట్టలేదు. కౌంటర్ దగ్గర ఏదో ఫారం నింపుతున్నాడు. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెన్ను ఇరికించుకున్నాడు. మిగతా మూడు వేళ్లూ చెక్కముక్కల్లా నిటారుగా ఉన్నాయి. కౌంటర్లో అమ్మాయి నొప్పా అని అడిగింది. బాదం పొట్టు తీసే మిషను బెల్టు పట్టేసిందమ్మా, పన్నెండేళ్లయింది, నొప్పీ లేదు, మడతా లేదు, బీరు కూడా ఎడంచేత్తోనే తాగాలి, దాంతో తాగుడు సగానికి తగ్గింది అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వబోయాను.

లైన్లోంచి బయటికొచ్చేశాను.

ఏప్రిల్ 2, సాయంత్రం 5

రిపోర్ట్ తీసి చదివాను. నాలుగో పేరా. "మిస్టర్ మాబ్రీ రెండు పిడికిళ్లూ బిగించి, కుడికాలు వెనక్కి వేసి, నా మీదికి రాబోయే భంగిమలో నిలబడ్డాడు."

ఆ కుడిచేత్తో పిడికిలి బిగించడం కుదరదు. ఆరోజు ఎడమ చంకలో హెల్మెట్ ఉంది. ఈ డైరీలో పద్దెనిమిదో తారీఖు పేజీ తీశాను. అరిచాడనుంది, టికెట్ పడేశాడనుంది, భయపడ్డాననుంది. పిడికిళ్లు లేవు, కాలు లేదు. అబద్ధం రాయాలని కూర్చోలేదు నేను. కూర్చుంటే చెయ్యే రాసుకుంటూ పోయింది. ప్రాక్టీసు రిపోర్టులన్నిటిలో రాసినట్టే ఇందులోనూ రాసేసింది.

చెయ్యి రాసిందంటే ఎవరొప్పుకుంటారు? కింద సంతకం నాది.

ఏప్రిల్ 3, గురువారం

క్లాసులో ఇవాళ్టి పాఠం. ప్రాసిక్యూటర్ల దగ్గర ఒక జాబితా ఉంటుంది. రిపోర్టులో అబద్ధం రాశారని తేలిన పోలీసుల పేర్లు అందులో ఉంటాయి. పేరెక్కిందా, ఇక కోర్టులో నీ మాటకి విలువ లేదు, కోర్టుకి పనికిరాని పోలీసుకి ఉద్యోగమూ లేదు. ఒక్క వాక్యం చాలమ్మా, ఇంటికి పంపడానికి అన్నారు లెడ్‌బెటర్ సార్. నేను కేడెట్‌నే, ఇంకా పోలీసుని కాను. అయినా షెరీఫ్ ఆఫీసు దరఖాస్తులో ఆ ప్రశ్న ఉంటుంది. శుభ్రంగా నోట్సు రాసుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 5, శనివారం

పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనకి వవోని చర్చికి తీసుకెళ్తూ కార్లో అంతా చెప్పేశాను. ఆవిడ విని, ఇంతేనా, నాతోబాటు లోపలికి రా, ఫాదర్‌కి చెప్పు, పది మరియమ్మ జపాలు చెప్పమంటాడు, మధ్యాహ్నం భోజనానికి శుభ్రమైన మనిషివైపోతావు, దీనికి మళ్లీ సార్జెంటమ్మ ఎందుకే పిచ్చిదానా అంది. ఫాదర్‌కి చెబితే రిపోర్ట్ మారదు వవో అన్నాను. అయితే ఆ కాగితం దేవుడికంటే పెద్దదా అని కోప్పడింది. మాబ్రీ విషయంలో ఆ కాగితమే పెద్దదనుకుంటా.

లోపలికి వెళ్లలేదు. కార్లోనే కూర్చున్నాను. ఆవిడ బయటికొచ్చి సీటు బెల్టు పెట్టుకుంటూ, ఆ మనిషికి పిల్లలున్నారా అని మాత్రం అడిగింది. తెలీదన్నాను.

ఏప్రిల్ 7

క్విరోజ్ దగ్గరికి వెళ్లాను. ఒక వాక్యం కాస్త అటూఇటూగా ఉందేమో అని నసిగాను. ఆవిడ లేచి తలుపు మూసింది. ఏ వాక్యం అని అడగలేదు.

రెండో రిపోర్ట్ రాస్తే మొదటిది మాయమైపోదు బోర్జెస్, రెండూ పక్కపక్కన నీ ఫైల్లో నువ్వు చచ్చేదాకా ఉంటాయి, కాగితం జోలికి పోకు, పదో తారీఖున విచారణలో నోటితో కాస్త మెత్తగా చెప్పు, చేతులు ఊపాడనో ఏదో చెప్పు, వాడికీ దెబ్బ తగ్గుతుంది, నీకూ మచ్చ ఉండదు, ఎంతమంది పిల్లల్ని చూశాను, నీలాంటిది ఒక్కతి ఉంటుంది, పాడు చేసుకోకు అంది. ప్రేమగానే అంది. సరేనన్నాను.

హాయిగా ఊపిరి పీల్చుకుని, బయట బండి దగ్గర మూడు టాకోలు తిన్నాను. అదీ నా బతుకు.

ఏప్రిల్ 8, ఉదయం 10:40

మాబ్రీని తీసుకెళ్లిపోయారు.

ప్రొబేషన్ వాళ్లు ఇద్దరు వెల్డింగ్ వర్క్‌షాపుకే వచ్చారు. కేడెట్‌ని కాబట్టి గేటు దగ్గర నిలబడి దారి ఖాళీ చేయించింది నేనే. మిగతా స్టూడెంట్లు హెల్మెట్లు పైకెత్తి చూస్తున్నారు. బేడీలు వేస్తుంటే అతను, కుడిచెయ్యి జాగ్రత్త బాబూ, ఆ వేళ్లు మడవకు, అవి మడవవు అన్నాడు. ఆరోజు నామీద అరిచిన మనిషిలా లేడు. గొంతు సర్దుకుని నెమ్మదిగా చెప్పాడు. వాళ్లు జాగ్రత్తగానే వేశారు.

రెండో తారీఖున తెలిసింది నాకు. ఇవాళ ఎనిమిది.

ఏప్రిల్ 8, మధ్యాహ్నం 1:15

రాశాను. మొత్తం రిపోర్ట్ ఇంతే:

"మార్చి 19న నేను రాసిన రిపోర్టులో నాలుగో పేరా నిజం కాదు. మిస్టర్ మాబ్రీ పిడికిళ్లు బిగించడం నేను చూడలేదు. కాలు వెనక్కి వేయడం చూడలేదు. ఆ వాక్యం క్లాసులో నేర్చుకున్నది. అతను అరిచాడు, టికెట్ కింద పడేశాడు, వెళ్లిపోయాడు. ఈ సంగతి నాకు ఏప్రిల్ 2 నుంచి తెలుసు. డెల్ఫీనా బోర్జెస్."

క్విరోజ్‌కి ఇస్తే వెనక్కిస్తుందని తెలుసు. అందుకని నేరుగా రికార్డుల కిటికీ దగ్గరికెళ్లి ముద్ర వేయించుకున్నాను. కిటికీ వెనక ఉన్నావిడ చదివి, తారీఖు కూడా రాయాలా తల్లీ, అది తీసేసినా ఎవరికీ తెలీదు కదా అంది. ఉండనివ్వండి అన్నాను.

ఏప్రిల్ 8, సాయంత్రం 4:30

క్లాసయ్యాక లెడ్‌బెటర్ సార్‌కి చెప్పాను. మొదట ఎగిరి పడ్డారు. నేను నేర్పింది ఎలా రాయాలో, ఏం రాయాలో కాదు, కళ్లు నీవా నావా, నా మీద తోస్తావా అన్నారు. తోయడం లేదు సార్ అన్నాను. నిజంగానే తొయ్యలేదు. కానీ ఒక సంగతి అడక్కుండా ఉండలేకపోయాను. ఆ వాక్యం మీరు ఎన్ని రిపోర్టుల్లో రాశారు సార్ అని అడిగాను.

ఆయన పేపర్లు దొంతి పెట్టుకుంటున్నారు. పెట్టిన దొంతిని మళ్లీ విప్పి మళ్లీ పెట్టారు. ఇరవై ఎనిమిదేళ్లమ్మాయ్ అన్నారు. అన్నిసార్లూ పిడికిళ్లు చూశారా అన్నాను. వెళ్లేటప్పుడు తలుపేసి వెళ్లు అన్నారు. వేసి వచ్చాను.

ఏప్రిల్ 9

కేడెట్ చొక్కా, బ్యాడ్జి, రేడియో తిరిగి ఇచ్చేశాను. క్విరోజ్ అన్నీ చూసుకుని సంతకం పెట్టించుకుంది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. నేను మూసిన తలుపు నువ్వు పెద్ద చప్పుడు చేసి తెరిచావు, సరే, కానీ షెరీఫ్ ఆఫీసు వాళ్లు నా దగ్గరికొచ్చి అడిగితే నేను రెండు రిపోర్టులూ ఇచ్చి ఊరుకుంటాను, ఇంకేమీ చెప్పను, మంచీ చెప్పను చెడూ చెప్పను అంది.

బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. మాబ్రీ కోసం కాదు. నా కోసమే.

ఏప్రిల్ 10

విచారణ ఐదు నిమిషాల్లో ముగిసింది. మాబ్రీ కుర్చీ ఖాళీ. డీన్ నా రెండో రిపోర్ట్ చదివి ఫైలు మూసేశారు. మరి అతన్ని వదిలేస్తారా అని అడిగాను. జైలు మా చేతుల్లో లేదమ్మా, కాగితం ప్రొబేషన్ ఆఫీసుకి పంపాం అన్నారు. ఆ ఆఫీసర్ సెలవులో ఉన్నాడట, సోమవారం వస్తాడట.

నాకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. యూనివర్సిటీకి నేనే పంపాలి.

ఏప్రిల్ 12, శనివారం

ఇవాళ వెల్డింగ్ సర్టిఫికెట్ పరీక్ష. సెమిస్టర్‌కి ఒక్కసారే పెడతారు. వర్క్‌షాపు కిటికీల్లో వెలుగు కనిపించింది.

ఏప్రిల్ 17

వదిలేశారు. తొమ్మిది రోజులు.

ఏప్రిల్ 24

మాబ్రీని కలిశాను. కలవొద్దని నాకు నేనే చెప్పుకుంటూనే వెళ్లాను. వర్క్‌షాపు బయట సిమెంటు గట్టు మీద కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు. పేరు చెప్పాను. తెలుసు, ఇద్దరు బోర్జెస్‌లు నా గురించి చెరొక కాగితం రాశారు, నువ్వు ఏ బోర్జెస్‌వి అన్నాడు. ఇద్దరూ నేనే అన్నాను. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు.

క్షమించమని అడిగాను. ముందే అనుకున్న మాటలన్నీ అడ్డదిడ్డంగా వచ్చాయి. అతను తినడం ఆపకుండా విన్నాడు. ఆరోజు నేను మర్యాదగా లేను, ఆ సంగతి నేనెవరి దగ్గరైనా ఒప్పుకుంటాను, నువ్వు భయపడే ఉంటావు అన్నాడు. తర్వాత శాండ్‌విచ్ చుట్టిన కాగితం ఉండ చెయ్యబోయి, చెయ్యలేక, మోకాలికేసి నొక్కి మడిచాడు. పాల ట్యాంకులు చేసే కంపెనీలో పని సిద్ధంగా ఉందట. సర్టిఫికెట్ తెస్తే మే నుంచి రమ్మన్నారట. పరీక్ష మళ్లీ డిసెంబర్‌లోనే. వాళ్లు డిసెంబర్ దాకా ఆగరు అన్నాడు.

ఇంకేం చేయమంటారు అని అడిగాను. బుద్ధి తక్కువ ప్రశ్న.

అతను లేచి ప్యాంటు దులుపుకున్నాడు. ముందు రాసింది నువ్వే, తర్వాత కొట్టేసిందీ నువ్వే, నీ లెక్క నీకు సరిపోయింది, మధ్యలో తొమ్మిది రోజులు మాత్రం నావి, నువ్వు చెయ్యగలిగిందేమీ లేదు, వెళ్లి చదువుకో అన్నాడు.

ఏప్రిల్ 25

క్లాసుకి వెళ్లలేదు. దూడల దగ్గరికి వెళ్లాను.

మే 15

చివరి క్లాసు. లెడ్‌బెటర్ సార్ నమూనా రిపోర్టులన్నీ వెనక్కి తీసుకున్నారు. ఎవరో ఎందుకని అడిగితే పాతబడిపోయాయి అన్నారు. నా కాపీ తీసుకునేటప్పుడు నా మొహం చూడలేదు.

యూనివర్సిటీ నుంచి జవాబు వచ్చింది. హెచ్చరిక ఉత్తరం అందిందట, అయినా సీటు ఉంటుందట. షెరీఫ్ ఆఫీసు సంగతి రెండేళ్ల తర్వాత తెలుస్తుంది. అడిగితే రెండు కాగితాలూ చూపిస్తాను. తీసుకోకపోతే తీసుకోరు. ఈ మాట రాయడం తేలిక, అప్పటికి ఎలా ఉంటానో తెలీదు.

ఆగస్టు 18

స్టేట్ యూనివర్సిటీ. అడ్వైజర్ నా మార్కుల కాగితం మీద స్కేలు పెట్టి ఒక్కో క్లాసుకీ టిక్కు కొట్టుకుంటూ వచ్చి, రిపోర్ట్ రైటింగ్ దగ్గర ఆగింది. ఇది ఇక్కడ చెల్లదు బంగారం, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి అంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పాపం, ఒక్క క్లాసేగా అని టిష్యూ ఇచ్చింది. సంతోషంతో అంటే నమ్మదని ఊరుకున్నాను.